తోట షెడ్డు పైకప్పుకి ఏది మన్నుతుంది? రేకులు, పెంకులు, తాటాకు: ఒక పోలిక

పెరట్లోనో మామిడితోట గట్టునో పది బై పన్నెండు అడుగుల షెడ్డు వేసుకుందామనుకున్నవాళ్ళు ముందుగా అడిగేది ఒకటే: ఏ రేకు ఎక్కువ కాలం వస్తుంది? షాపులో జవాబు వెంటనే దొరుకుతుంది. ఇరవై ఏళ్ళనో ముప్పై ఏళ్ళనో చెప్పేస్తారు. కానీ ఖమ్మంలో బాగా నిలిచిన రేకు భీమిలి తీరంలో నిలవకపోవచ్చు. కోళ్ళఫారం పక్కన వేస్తే దాని సంగతి ఇంకోలా ఉంటుంది. అందుకని రేకు పేరు ఎత్తకముందే రెండు విషయాలు తేల్చుకోవాలి. షెడ్డు ఎక్కడ వేస్తున్నారు, లోపల ఏం పెడతారు. పలుగు, పార, డ్రిప్ పైపులు మాత్రమే పెట్టుకునే గదికి పెద్ద ఇబ్బంది లేదు. యూరియా, పొటాష్ బస్తాలు నిలవ చేస్తారంటే ఆలోచించాలి. మధ్యాహ్నం కాపలా మనిషి అందులోనే నడుం వాలుస్తాడంటే వేడి గురించి మరీ ఆలోచించాలి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. తీరానికి దూరంగా ఉన్న చాలామందికి లేత రంగు కలర్ కోటెడ్ గాల్వాల్యూమ్ రేకు (అల్యూమినియం, జింకు కలిపిన పూత మీద రంగు వేసిన ఇనుప రేకు), అర మిల్లీమీటరు మందంలో, మంచి స్క్రూలతో వేయించుకోవడం సరైన ఎంపిక. సముద్రానికి దగ్గర్లో అయితే అల్యూమినియం. ఆస్‌బెస్టాస్ (రాతినార) ఉన్న సిమెంటు రేకు మాత్రం కొత్తగా ఎవరూ వేయించుకోవద్దని గట్టిగా చెబుతాను.

సిమెంటు రేకు

దీని గొప్పతనం ఒప్పుకోవాల్సిందే. తుప్పు పట్టదు. ఎరువుల ఘాటుకి, పశువుల పాకలో వచ్చే అమ్మోనియాకి చెక్కుచెదరదు. వాన పడితే ఇనుప రేకులా మోత మోగదు. సొరపాదు పాకించినా ఏమీ కాదు. ధర తక్కువ, ప్రతి మండల కేంద్రంలో దొరుకుతుంది, వేసే మేస్త్రీలకు కొదవ లేదు. అందుకే మన ఊళ్ళలో రేకుల షెడ్డంటే ఇన్ని దశాబ్దాలుగా సిమెంటు రేకుల షెడ్డే.

పెళుసుదనం దాని మొదటి లోపం. కొబ్బరిచెట్టు కింద షెడ్డు వేస్తే ఒక్క కాయ చాలు. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెలంగాణ జిల్లాల్లో పడే వడగళ్ళకూ, కోతుల గుంపు గెంతులకూ పగుళ్ళిస్తుంది. అన్నిటికన్నా ప్రమాదం, మనిషి దానిమీద కాలు పెట్టడం. పైకి గట్టిగా కనిపించే పాత రేకు మధ్యలో అడుగు వేయగానే పుటుక్కున విరిగి మనిషి కిందపడతాడు. ఎక్కక తప్పకపోతే పర్లిన్ల (రేకుల్ని మోసే అడ్డ కమ్మీల) మీద ఆనేలా నిచ్చెనో చెక్కో పరిచి దాని మీదే కదలాలి.

రెండోది ఆరోగ్యం. రేకులో ఎక్కువ భాగం సిమెంటే, ఆస్‌బెస్టాస్ నార వాటా తక్కువే. ఆ నార సిమెంటులో బిగిసి ఉన్నంతకాలం గాలిలోకి పెద్దగా రాదు. కానీ రేకుని కటింగ్ మిషన్‌తో కోసినప్పుడు, బోల్టు కోసం బెజ్జం వేసినప్పుడు, విరిగినప్పుడు, ఏళ్ళ తరబడి ఎండావానలకి పైపొర అరిగినప్పుడు కంటికి కనిపించని పోగులు లేస్తాయి. ముఖానికి కట్టుకున్న రుమాలు వాటిని ఆపలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్ని రకాల ఆస్‌బెస్టాస్‌నీ క్యాన్సర్ కారకంగానే లెక్కిస్తుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్, మీసోథీలియోమా (ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకి వచ్చే క్యాన్సర్) లాంటి జబ్బులు పోగులు పీల్చిన ఇరవై, ముప్పై, నలభై ఏళ్ళకి బయటపడతాయి. కాబట్టి రేకు కోసినవాడికి అప్పటికప్పుడు ఏమీ కాలేదన్నది ధైర్యం చెప్పుకోవడానికి పనికిరాదు. ఆస్ట్రేలియా 2003 చివర్లో, యూరోపియన్ యూనియన్ 2005లో వాడకాన్ని పూర్తిగా నిషేధించాయి. ఇలా 60కి పైగా దేశాలు చేశాయి. మన దగ్గర మాత్రం క్రిసొటైల్ అనే తెల్ల ఆస్‌బెస్టాస్ ఇంకా దిగుమతి అవుతూనే ఉంది.

పెరట్లో షెడ్డంటే పక్కనే పిల్లలు ఆడుకుంటారు, రేకు పక్కనే బట్టలు ఆరేస్తాం. అక్కడ రేకులు కోయించడం ఎంతమాత్రం మంచిది కాదు. సిమెంటు రేకు గుణాలే కావాలనుకుంటే ఆస్‌బెస్టాస్ లేని ఫైబర్ సిమెంటు రేకులు కూడా మార్కెట్లో ఉన్నాయి. ధర కొంచెం ఎక్కువ. కొనేటప్పుడు ఆ మాట రేకు మీదా, బిల్లు మీదా ఉందో లేదో చూసుకోండి. నోటి మాట నమ్మవద్దు.

బరువు సంగతి కూడా గుర్తుంచుకోండి. మూడు మీటర్ల సిమెంటు రేకు ఒక్కటే 40 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. ఇద్దరు మనుషులు జాగ్రత్తగా ఎత్తాలి. పర్లిన్ల మధ్య దూరం 1.4 మీటర్లు, అంటే నాలుగున్నర అడుగులు దాటకూడదు. వాలు అడుగుకి మూడు అంగుళాలైనా ఉంటే నీరు వెనక్కి తన్నదు.

జీఐ, గాల్వాల్యూమ్, కలర్ కోటెడ్

ఇనుప రేకులన్నీ పైకి ఒకేలా మెరుస్తాయి కాబట్టి మోసపోయేది ఎక్కువగా ఇక్కడే. ఇనుము తుప్పు పట్టకుండా కాపాడేది పైన ఉన్న లోహపు పూత. జీఐ రేకులో ఆ పూత జింకు. చదరపు మీటరుకి రెండు వైపులా కలిపి ఎన్ని గ్రాముల జింకు ఉందో అంకెలో చెబుతారు. 120 గ్రాముల రేకు మీద ఒక్కో వైపు పూత మందం ఎనిమిది మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో నూరో వంతు కూడా లేదు. 275 గ్రాములదైతే దాదాపు 19 మైక్రాన్లు. ఊళ్ళో చవగ్గా దొరికే జీఐ రేకులు చాలావరకు తక్కువ పూతవే. పూత పోయిన చోట ఎర్రగా మొదలై, చూరు దగ్గరా స్క్రూల చుట్టూ జల్లెడలా చిల్లులు పడతాయి.

గాల్వాల్యూమ్ అంటే ఆ పూతలో 55 శాతం అల్యూమినియం, 43 శాతానికి పైగా జింకు, కాస్త సిలికాన్ కలిసి ఉంటాయి. అమెరికాలోని బెత్లెహెమ్ స్టీల్ కంపెనీ 1972లో దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. అల్యూమినియం తేలిక కాబట్టి 150 గ్రాములతోనే ఒక్కో వైపు 20 మైక్రాన్ల మందం వస్తుంది. పైగా మామూలు ఎండావానల్లో జింకు కన్నా చాలా నెమ్మదిగా అరుగుతుంది. దీన్ని ఏజెడ్ 150 అని రాస్తారు. దాని మీద రంగు పూత వేసి కాల్చినదే కలర్ కోటెడ్ రేకు. టాటా బ్లూస్కోప్ డ్యూరాషైన్, జేఎస్‌డబ్ల్యూ కలరాన్ లాంటి పేర్లతో దొరుకుతుంది. ఇంకా చాలా చిన్న కంపెనీలవి కూడా ఉన్నాయి. రంగు ఒకటే ఉన్నా కింద ఉన్నది జీఐనా గాల్వాల్యూమా, పూత ఎన్ని గ్రాములు అన్నది అడగాలి. అది చెప్పలేని షాపులో కొనకపోవడమే నయం.

తర్వాత మందం. షాపులో "అర ఎంఎం" అంటారు. అది రంగు, పూత కలిపిన మొత్తం మందం కావచ్చు, ఉత్త ఇనుము మందం కావచ్చు. రెండింటికీ తేడా ఉంది. మొత్తం 0.50 ఉన్న రేకులో ఇనుము 0.45 దగ్గర ఉంటుంది. 0.35 రేకులో 0.30 ఉంటుంది. కంటితో చూస్తే ఈ తేడా తెలియదు. తూకం వేస్తే తెలుస్తుంది. నాలుగు అడుగుల వెడల్పు కాయిల్ నుంచి ఒత్తిన పన్నెండు అడుగుల రేకు, మొత్తం మందం 0.50 అయితే 16 నుంచి 17 కిలోలు తూగుతుంది. 0.35 అయితే 11, 12 కిలోలే. స్టీలు షాపులో కాటా ఎలాగూ ఉంటుంది. బండికి ఎత్తించే ముందు ఒక్క రేకు దాని మీద పెట్టించండి. మొహమాటపడాల్సిన పని లేదు.

వెడల్పు దగ్గర ఇంకో మెలిక ఉంది. డబ్బు రేకు పూర్తి వెడల్పుకి కడతాం, కానీ పక్క రేకు మీదకి ఎక్కిన లాప్ పోగా కప్పేది తక్కువ. రెండు షాపుల ధరలు పోల్చేటప్పుడు కవరింగ్ వెడల్పు మీద లెక్క వేయండి. వీలైతే చూరు నుంచి కొప్పు వరకు ఒకే రేకు వచ్చేలా పొడవు కోయించుకోండి. పది, పన్నెండు అడుగుల షెడ్డుకి అది సులువే. మధ్యలో అతుకు లేకపోతే కారే చోటు ఒకటి తగ్గినట్టే.

ఈ రేకుకి శత్రువులు కొన్ని ఉన్నాయి. మొదటిది సిమెంటు మాలు. గోడకీ రేకుకీ మధ్య సందులో మేస్త్రీ సిమెంటు మాలు కూరి చక్కగా రుద్ది వెళతాడు. సిమెంటులో, సున్నంలో ఉండే క్షారం తడితో కలిసి అల్యూమినియాన్నీ జింకునీ తినేస్తుంది. రెండేళ్ళ తర్వాత చూస్తే రేకంతా కొత్తగానే ఉంటుంది, గోడ అంచు వెంబడి మాత్రం తుప్పు గీత కనిపిస్తుంది. అక్కడ మడిచిన రేకు ఫ్లాషింగ్ పెట్టి సిలికాన్ సీలెంట్ వేయించాలి. చల్లదనం కోసం సున్నం కొట్టడం కూడా సిమెంటు రేకుకే గానీ దీనికి పనికిరాదు.

రెండోది కటింగ్ మిషన్. రాతి చక్రంతో రేకు కోస్తే ఎగిరే నిప్పురవ్వలు రంగు మీద పడి అతుక్కుంటాయి. నెల తిరగకుండా ఎర్ర చుక్కలు తేలతాయి. ఆ వేడికి కోసిన అంచు దగ్గర పూత కూడా మాడిపోతుంది. రేకుల కత్తెరతోగానీ, రేకుని కొద్దికొద్దిగా కొరికి కోసే నిబ్లర్ మిషన్‌తోగానీ కోయమనండి. స్క్రూలు బిగించాక కప్పు మీద మిగిలిన ఇనుప రజను మెత్తటి చీపురుతో ఊడిపించండి. సాయంత్రం పని ముగించి దిగే ముందు ఐదు నిమిషాలు పట్టే పని ఇది. చేసేవాళ్ళు తక్కువ.

మూడోది పశువులు, కోళ్ళు, ఎరువులు. పేడ, మూత్రం, కోళ్ళ రెట్టల నుంచి వచ్చే అమ్మోనియా కప్పు లోపలి వైపు పూతని తింటుంది. వాన నీరు కడిగే పైభాగం బాగానే ఉండి, లోపలి భాగం పాడవుతుంది. గేదెల కొట్టానికి, కోళ్ళ షెడ్డుకి ఈ రేకు నేను సిఫారసు చేయను. పొటాష్ బస్తాల్లో క్లోరైడ్ ఉంటుంది, అదీ ఇనుముకి పడదు. నాలుగైదు బస్తాలు కింద చెక్క మీద పేర్చి, మూతి కట్టి, గాలి ఆడేలా పెట్టుకుంటే ఫరవాలేదు. గోడౌన్‌లా వాడేటట్లయితే వేరే కప్పు చూసుకోవాలి.

ఆకుల గురించి కూడా ఒక మాట. వేసవిలో చల్లదనానికి రేకుల మీద తాటాకులు, కొబ్బరి మట్టలు పరచడం మంచి అలవాటే. తొలకరికి ముందు తీసేయాలి. తడిసిన ఆకు కింద రేకు ఎప్పుడూ ఆరదు. బీరపాదుని కూడా ఈ కప్పు మీదకి ఎక్కించకండి, పక్కన పందిరి వేసుకోండి.

అల్యూమినియం, యూపీవీసీ, పాలీకార్బొనేట్

అల్యూమినియం రేకు ధర ఎక్కువే. ఉప్పుగాలిలో మాత్రం లోహపు రేకుల్లో దానికి సాటి లేదు. తీరంలో రేకు పాడయ్యేది ముందుగా చూరు కిందా, లోపలి వైపూ. పైన పడిన ఉప్పుని వాన కడిగేస్తుంది, కింద పట్టిన ఉప్పు అలాగే ఉండిపోతుంది. అల్యూమినియం దాన్ని తట్టుకుంటుంది. ఇనుప పర్లిన్ మీద నేరుగా ఆనకుండా మధ్యలో రబ్బరు పట్టీ పెట్టాలి, స్క్రూలు స్టెయిన్‌లెస్‌వి వాడాలి. లేకపోతే రెండు లోహాలు కలిసిన చోట కొత్త తంటా మొదలవుతుంది. మెత్తటి లోహం కాబట్టి వడగళ్ళకి సొట్టలు పడతాయి. అయినా చిల్లులు పడవు. పాతబడ్డాక తుక్కుకి అమ్మినా మంచి ధర వస్తుంది.

యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) రేకు ఉప్పుకీ ఎరువుకీ అమ్మోనియాకీ దేనికీ లొంగదు. గేదెల కొట్టానికీ, ఎరువుల గదికీ, ఉప్పుటేరు పక్కన షెడ్డుకీ బాగుంటుంది. పైపొర ఎండని తట్టుకునే రకమా కాదా అన్నది ముఖ్యం. తక్కువ రకం రేకు కొన్నేళ్ళకే వెలిసిపోయి పెళుసుబారుతుంది. వేడికి మెత్తబడుతుంది కాబట్టి పర్లిన్లు రెండు, రెండున్నర అడుగులకి ఒకటి కావాలి. రేకు దగ్గర మిగిలిందనుకున్న డబ్బు ఇనుములో పోతుంది. ఇంకో విషయం, ప్లాస్టిక్ ఇనుము కన్నా నాలుగైదు రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. తెల్లవారుజాముకీ మిట్టమధ్యాహ్నానికీ మధ్య మూడు మీటర్ల రేకు ఐదారు మిల్లీమీటర్లు సాగి ముడుచుకుంటుంది. స్క్రూ బెజ్జం కాస్త పెద్దదిగా వేసి, వెడల్పు వాషరు పెట్టి, బిగించీ బిగించనట్టు వదలాలి. గట్టిగా బిగిస్తే బెజ్జం దగ్గరే చీలుతుంది.

వెలుతురు చొరనిచ్చే పాలీకార్బొనేట్, ఫైబర్ రేకులు మొత్తం కప్పుకి వద్దు. లోపల కొలిమిలా అవుతుంది. వెలుతురు కోసం ఒక్క రేకు పెట్టుకుంటే చాలు. పాలీకార్బొనేట్‌కి ఎండని ఆపే పొర సాధారణంగా ఒకవైపే ఉంటుంది. ఏ వైపో కవరు మీద రాసి ఉంటుంది. ఆ కవరు చింపి పారేసి రేకుని తిరగేసి బిగిస్తే రెండు మూడేళ్ళకే పచ్చబడి పగుళ్ళిస్తుంది. బిగించేటప్పుడు పక్కన నిలబడి చూడాల్సినది ఇదే.

పెంకులు, తాటాకు, బండలు

తోటలో చూడముచ్చటగా ఉండాలంటే మంగుళూరు పెంకుని మించింది లేదు. 1865లో బాసెల్ మిషన్ అనే స్విట్జర్లాండ్ క్రైస్తవ సంస్థ వాళ్ళు మంగుళూరులో నేత్రావతి ఒడ్డున మొదటి ఫ్యాక్టరీ పెట్టారు. అప్పుడు ఒత్తిన పెంకులు కొన్ని పాత ఇళ్ళ మీద ఇప్పటికీ వాన ఆపుతున్నాయి. తుప్పు లేదు, ఎరువు భయం లేదు. పెంకుల సందుల్లోంచి వేడి గాలి పోతూనే ఉంటుంది. పగిలినది ఒక్కటే తీసి మార్చుకోవచ్చు. రేకుతో ఇది ఇంత సులువు కాదు.

బరువు మాత్రం బాగా ఉంటుంది. చదరపు మీటరుకి 15, 16 పెంకులు, అంటే 40 కిలోల దాకా. కలర్ రేకుకి ఎనిమిది రెట్లు. పది బై పన్నెండు షెడ్డుకి రెండొందల పైచిలుకు పెంకులు పట్టి అర టన్ను అవుతుంది. వాలు అడుగుకి ఆరు అంగుళాలు ఉండాలి. గట్టి వాసాలు, పట్టెలు కావాలి, వాటికి చెదల మందు కొట్టించాలి. కోనసీమలోనో కృష్ణా డెల్టాలోనో పాత పెంకుటిళ్ళు విప్పేటప్పుడు పెంకులు, టేకు వాసాలు రెండూ కలిపి కొనుక్కోగలిగితే ఖర్చు సగానికి దిగుతుంది. పాత పెంకు కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి చూడండి. ఖంగుమంటే మంచిది, బొదబొదమంటే లోపల పగులు ఉన్నట్టు. మీ ఊరికి కోతుల బెడద ఉంటే ఈ ఆశ వదులుకోవడమే మేలు. ఒక్క గుంపు వచ్చి వెళితే ఇరవై పెంకులు కిందే ఉంటాయి.

తాటాకు కప్పు కింద ఉండే చల్లదనం ఇంకెక్కడా రాదు. కాపలా మనిషి పడుకునే పాకకి ఇప్పటికీ నేను దాన్నే కోరుకుంటాను. మూడు నాలుగేళ్ళకోసారి తిరగనేయాలి, నేసేవాళ్ళు ఊరికి ఒకరిద్దరే మిగిలారు. మోటారు స్టార్టర్, పెట్రోలు స్ప్రేయర్ పెట్టే చోట మాత్రం తాటాకు వద్దు. వేసవిలో ఒక్క నిప్పురవ్వ చాలు.

బేతంచెర్ల, తాండూరు వైపు బండ చవగ్గా దొరికే ఊళ్ళలో ఇనుప దూలాల మీద బండలు పరిచి అతుకులు పూడ్చడమూ ఉంది. ఎంతో కాలం నిలుస్తుంది. కానీ రెండు అంగుళాల బండ చదరపు మీటరుకి 130 కిలోలు పైనే, రాత్రంతా వేడి వదులుతూ ఉంటుంది. పనిముట్ల గదికి అంత అవసరం లేదు.

గాలికి లేవకుండా

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీదకి వచ్చినప్పుడు ఎగిరిపోయిన కప్పుల్లో రేకు ఊడిన తీరు చూస్తే, ఎక్కువగా రేకు బాగానే ఉండి బిగింపు వదిలేసింది. దీని వెనక లెక్క చిన్నదే. మన దేశపు గాలి ప్రమాణాల ప్రకారం విశాఖ, విజయవాడ, నెల్లూరులకి సెకనుకి 50 మీటర్ల గాలిని లెక్కలోకి తీసుకోవాలి, అంటే గంటకి 180 కిలోమీటర్లు. హైదరాబాద్‌కి 44 మీటర్లు. 50 మీటర్ల గాలి చదరపు మీటరుకి దాదాపు 150 కిలోల ఒత్తిడి పెడుతుంది. షెడ్డు ఆకారాన్ని బట్టి పైకి లేపే బలం మారుతుంది, ఒకవైపు తెరిచి ఉంటే ఇంకా పెరుగుతుంది. సుమారుగా చూసినా పది బై పన్నెండు కప్పు మొత్తానికి టన్నున్నర. ఆ కప్పు మీద ఉన్న కలర్ రేకుల బరువు అరవై కిలోలు కూడా ఉండదు.

కాబట్టి కప్పుని పట్టి ఉంచేది స్క్రూలు, వెల్డింగు, కాళ్ళ కింద కాంక్రీటు. చూరు దగ్గర పర్లిన్‌కీ, కొప్పు దగ్గర పర్లిన్‌కీ రేకు ప్రతి గట్టు (పైకి లేచిన మడత) మీదా ఒక స్క్రూ ఉండాలి. గాలి ముందుగా పట్టేది అంచుల్నే. మధ్య పర్లిన్లకి గట్టు విడిచి గట్టు చాలు. స్క్రూ కింద ఉండే నల్ల రబ్బరు వాషరు ఎండావానల్ని తట్టుకునే ఈపీడీఎం రకమై ఉండాలి. బిగించినప్పుడు ఆ రబ్బరు ఇనుప వాషరు అంచు దాకా వచ్చి ఆగాలి. బయటికి పొంగి వంకర తిరిగితే ఎక్కువ బిగించినట్టు, అక్కడే రేపు కారుతుంది. సిమెంటు రేకుకైతే జే బోల్టులు, బిటుమెన్ (తారు) వాషర్లు. బెజ్జం డ్రిల్లుతో, బోల్టు కన్నా కొంచెం పెద్దదిగా వేయాలి, మేకుతో కొట్టకూడదు.

కాళ్ళకి ఒకటిన్నర అడుగు చదరం, రెండున్నర అడుగుల లోతు గుంట తీసి కాంక్రీటు నింపితే ఒక్కో గుంటలో 380 కిలోల బరువు ఉంటుంది. నాలుగు కాళ్ళకి కలిపి టన్నున్నర. పైన చెప్పిన గాలి లెక్కకి అది సరిపోతుంది. అడుగు లోతు గుంట తీసి, రెండు తట్టల మాలు పోసి పైపు నిలబెట్టే పద్ధతి తీర జిల్లాల్లో అసలు పనికిరాదు.

వేడి

రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మే నెలలో 45 డిగ్రీలు దాటినప్పుడు ముదురు రంగు రేకు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ముదురు ఎరుపు, నీలం చూడ్డానికి బాగుంటాయి గానీ తెలుపు, లేత గోధుమ రంగు ఎండని చాలావరకు తిప్పికొడతాయి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఈ సూత్రం మీదే. విత్తనాలు దాచేవాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం. వేడి గదిలో ఒక్క వేసవి ఉంటే మొలక శాతం పడిపోతుంది. పురుగుమందుల డబ్బాల మీద కూడా చల్లని చోట ఉంచమనే రాస్తారు.

రంగు తర్వాత చేయాల్సినది గాలి ఆడనివ్వడం. ఎదురెదురు గోడల్లో చూరు కింద అడుగు ఎత్తు జాలీ వదలండి, ఎలుకలు రాకుండా సన్న వల కొట్టండి. ఇంకా చల్లదనం కావాలంటే రేకు కింద జానెడు ఖాళీ వదిలి వెదురు తడికలు కట్టించవచ్చు. ఈ జాలీ చలికాలంలోనూ అక్కరకొస్తుంది. ఆదిలాబాద్, అరకు వైపు తెల్లవారుజామున ఇనుప రేకు లోపలి వైపు మంచు పట్టి బస్తాల మీద బొట్లు బొట్లుగా పడుతుంది. గాలి ఆడితే అది తగ్గుతుంది.

పాత సిమెంటు రేకు మార్చేవాళ్ళకి

రేకు పగలకుండా ఉంటే తొందరపడి తీయాల్సిన పని లేదు. దాన్ని ఇనుప బ్రష్‌తో గీకకండి, ప్రెషర్ వాషర్‌తో కడగకండి. మీద సున్నమో రంగో వేస్తే పైపొర అరగడం తగ్గుతుంది. తీయాల్సి వస్తే ముందు నీళ్ళతో బాగా తడిపి, బోల్టులు విప్పి, విరగకుండా పూర్తి రేకుగా దించాలి. విరిగిన ముక్కల్ని మొక్కల పాదుల చుట్టూ అంచులుగా పాతడం, మేకల దొడ్డికి అడ్డం పెట్టడం, రోడ్డు గుంతల్లో వేసి తొక్కించడం చేయకండి. మందం పాలిథిన్‌లో చుట్టి, ఎక్కడ ఇవ్వాలో మునిసిపాలిటీనో పంచాయతీనో అడిగి అప్పగించండి.

పాత ఇనుప చట్రం బాగుంటే దాని మీదే కలర్ రేకు వేసుకోవచ్చు. నాలుగున్నర అడుగుల దూరంలో ఉన్న పర్లిన్ల మధ్య ఇంకోటి కలిపించండి, ఎక్కి స్క్రూలు చూసుకోవడానికి ధైర్యంగా ఉంటుంది. ఇంకో సంగతి ఎక్కువమంది గమనించరు. అదే పది బై పన్నెండు కప్పు మీద సిమెంటు రేకులు 150 కిలోలకు పైగా ఉండి చట్రాన్ని కిందికి అదిమి ఉంచేవి. కొత్త కప్పు అందులో మూడో వంతు బరువే. కాబట్టి రేకు మార్చే రోజే కాళ్ళ దగ్గర తవ్వించి కాంక్రీటు ఎంత ఉందో చూడండి. తక్కువైతే పాత కాలికి రెండు ఇనుప ముక్కలు అడ్డంగా వెల్డింగ్ చేయించి, గుంట పెద్దది చేయించి, కొత్త కాంక్రీటు పోయించి, వారం రోజులు తడపండి. ఆ తర్వాతే పైకి రేకులు ఎక్కించమనండి.